బయటికి తెరుచుకునే తలుపు

మా కారు షెడ్డుకి ఫోనుతో తెరుచుకునే తలుపు పెట్టించాలన్న ఆలోచన నాకు పగవల్ల పుట్టింది. సౌకర్యం కోసమని ఇంట్లో చెప్పాను, ఆఫీసులో చెప్పాను, గుడివాడ నుంచి కొలతలకి వచ్చిన మనిషికీ అదే చెప్పాను. ఇరవై ఏళ్ళుగా ఆదివారం బడిలో పిల్లలకి అబద్ధమాడకూడదని నేర్పుతున్నవాణ్ణి, కనీసం రాసేటప్పుడైనా ఉన్నది ఉన్నట్టు రాయాలి. మా పక్కింటాయన కారుకి సొట్ట పడాలి. అది పడే సమయానికి నేను చర్చిలో అందరి కళ్ళ ముందు పాటల పుస్తకం పట్టుకుని కూర్చుని ఉండాలి. నాకు కావలసింది ఇదీ.

బందరులో మా వీధి ఇరుకు. ఒక కారు నిలబడితే పక్కనుంచి ఆటో పడుతుంది, రెండో కారు పట్టదు. ఇంటికి కుడివైపు షెడ్డు, దానికి చేత్తో ఎత్తే ఇనప షట్టరు. సముద్రపు గాలికి కింది రేకు తుప్పు పట్టి రాలిపోతూ ఉంటుంది, మార్పిస్తూ ఉంటాను. ఎత్తాలంటే రెండు చేతులూ నడుమూ కలిసి పనిచేయాలి. పక్కింటాయన నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద, మా చర్చి సంఘంలో పెద్ద కూడా. నెలకి మొదటి ఆదివారం, ప్రభువు జ్ఞాపకంగా రొట్టె పంచుకునే బల్లారాధనలో, పళ్ళెం పట్టుకుని వరసల మధ్య తిరిగేది ఆయనే. నేను అన్నగారూ అంటాను, నా భార్య అన్నయ్యగారూ అంటుంది, ఆయన నన్ను తమ్ముడూ అంటాడు. మేడ మీద ఇంకో అంతస్తు మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఆయన గేటు ముందు ఇసుకా కంకరా పోసి ఉండేవి. అందుకని కారు తెచ్చి మా షట్టరుకి అడ్డంగా పెట్టేవాడు.

"రెండు నిమిషాలే తమ్ముడూ. నీ బండి ఎలాగూ రోజూ బయటికి రాదుగా!" అనేవాడు.

నిజమే, వచ్చేది కాదు. కలెక్టరాఫీసుకి నేను స్కూటరు మీదే వెళ్తాను. కారు తీసేది పెళ్ళిళ్ళకి, ఎప్పుడైనా చుట్టాలొస్తే మంగినపూడి బీచికి. ఆయన అన్నదానికి నేనూ నవ్వేవాణ్ణి.

ఒక శనివారం పొద్దున పదకొండు దాటాక నా భార్య మర్నాటి బల్లకి రొట్టె పిండి కలుపుతోంది. మా సంఘంలో బల్ల మీదికి బజారు రొట్టె రాదు. ఇళ్ళకి వంతులున్నాయి గాని, ఆవిడ చేస్తే రొట్టె పొడి రాలకుండా చక్కగా విరుగుతుందని చాలా నెలలు ఆవిడకే అప్పగించేవారు. పిండి కలిపేటప్పుడు పాట పాడుకోవడం ఆవిడకి అలవాటు. చర్చిలో స్త్రీల వైపు పాట అందుకునేది ఆవిడే. హార్మోనియం వాయించే ఆయన ముందు ఆవిడ గొంతు విని, తర్వాత శ్రుతి చూసుకునేవాడు. ఆ పూట పాట మధ్యలో ఆగింది. ఆవిడ చరణం పూర్తిచేయకుండా ఆపే మనిషి కాదు. వెళ్ళి చూశాను. కుడి చెయ్యి పిండిలోనే ఉండిపోయింది. నోరు ఒక పక్కకి జారింది.

ఆవిణ్ణి గోడకి ఆనించి షెడ్డు దగ్గరికి పరుగెత్తాను. షట్టరుకి అడ్డంగా ఆయన కారు. వాళ్ళింటికి తాళం. దివిసీమలో ఒక పల్లెలో ప్రార్థన కూటం ఉందని భార్యాభర్తలిద్దరూ తెల్లారే సంఘంవాళ్ళ వ్యానులో వెళ్ళారు. మోపిదేవి దాటాక ఇంకా లోపలికి. ఫోను చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. పదకొండు సార్లు చేశాను. మధ్యలో అంబులెన్సుకి చేస్తే ఇంకో కేసు మీద ఉంది, వస్తుందన్నారు. కారు అద్దం మీద రెండు చేతులతో గుద్దాను. చివరికి మెయిన్ రోడ్డు దాకా పరుగెత్తి ఆటో తెచ్చాను. బందరు ఆసుపత్రిలో చూసి బెజవాడ తీసుకెళ్ళమన్నారు. అక్కడి డాక్టరు నా ముఖం చూడకుండా కాగితం చూస్తూ, "ఇంకో ముప్పావు గంట ముందు తెచ్చుంటే బాగుండేదండీ," అన్నాడు.

మూడో రోజున పక్కింటాయన యాపిల్ పళ్ళతో ఆసుపత్రికి వచ్చాడు. మంచం పక్కన నిలబడి కళ్ళు మూసుకుని, వార్డంతా తలలు తిప్పి చూసేంత గట్టిగా ప్రార్థన చేశాడు. "మాకు ఆలస్యంగా కనిపించినా నీకు ఆలస్యమనేది లేదు ప్రభువా," అన్నాడు. ఆమేన్ అనలేకపోయాను. కారు సంగతి ఎత్తుతాడేమోనని చూశాను. ఎత్తలేదు. పళ్ళు బల్ల మీద పెట్టి, నా భుజం తట్టి వెళ్ళిపోయాడు. ఆలస్యాన్ని తీసుకెళ్ళి దేవుడి ఖాతాలో వేశాడని ఆ క్షణంలోనే అనుకున్నాను.

ఆవిడ ఇంటికొచ్చింది. ఇప్పుడు నడుస్తుంది. కుడి చేతిలో పట్టు లేదు. మాట ఒక్కొక్కటే వస్తుంది, మధ్యలో ఊపిరి తీసుకుంటూ. పాట రాదు. ఇంటికొచ్చిన రెండో వారం పొద్దున్నే కిటికీ తీసి చూస్తే ఆయన కారు మళ్ళీ మా షట్టరు ముందు ఉంది.

"రెండు నిమిషాలే తమ్ముడూ, సిమెంటు దింపుకోవాలి!" అని మేడ మీంచి కేకేశాడు.

ఆ రోజు నుంచి నేను ఆయన్ని ద్వేషించాను. ఇంతకంటే మెత్తని మాట వెతకను. శత్రువుల మీద తీర్పు అడిగే కీర్తనలు వెతికి వెతికి చదివాను. అవి అంత బాగా నాకు ఎన్నడూ అర్థం కాలేదు. కడుపులో పగ పెట్టుకున్నవాడు బల్ల ముట్టకూడదని మా బోధ, కాబట్టి నేను ముట్టలేదు. వరసగా ఐదు నెలలు వెనక బెంచీలో చేతులు కట్టుకుని కూర్చున్నాను. రొట్టె పళ్ళెం నా వరస దాకా వచ్చేది, ఒక్క క్షణం ఆగేది, వెళ్ళిపోయేది. చేసినవాడు పంచుతున్నాడు. పడ్డవాడు పాపిలాగా తల దించుకున్నాడు. పైగా జనం నన్నే చూసేవారు. ఏం చేశాడో పాపం, అన్నట్టు.

సరిగ్గా ఆ రోజుల్లో ఆఫీసులో ఒకతను తన బావమరిది షెడ్డు తలుపు ఫోనులో నొక్కితే తెరుచుకుంటున్న వీడియో చూపించాడు. తలుపు రెండు రెక్కలుగా వీధిలోకి తెరుచుకుంటోంది. నేను ఆ వీడియో నాలుగుసార్లు చూశాను. వీధిలోకి, బయటికి, నెమ్మదిగా, ఆగకుండా.

గుడివాడ నుంచి ఒక మనిషిని పిలిపించాను. గేట్లూ షట్టర్లూ చేసి మోటార్లు బిగిస్తాడు. నలభై ఏళ్ళుంటాయి, చెవిలో పెన్సిలు, మాటకి ముందు నవ్వు. షట్టరుని ఒకసారి ఎత్తి దించి, పెదవి విరిచాడు.

"దీనికే మోటారు బిగించొచ్చండి. పైకి చుట్టుకుంటది. మీరు బెజవాడలో ఉన్నా ఫోనులో నొక్కితే తెరుచుకుంటది."

"పైకి వద్దు. బయటికి తెరుచుకునేది కావాలి."

"బయటికా? వీధిలోకా? వీధి ఇంతే ఉంది కదండీ. మున్సిపాలిటీవాళ్ళు ఊరుకోరు."

"వాళ్ళ సంగతి నేను చూసుకుంటాను. తెరుచుకునేటప్పుడు ఎదురుగా ఏదైనా ఉంటే?"

"ఆగిపోద్దండి. సెన్సారుంటది. కుక్కపిల్ల అడ్డమొచ్చినా ఆగిపోద్ది."

"సెన్సారు లేకుండా బిగిస్తారా?"

పెన్సిలు చెవిలోంచి తీశాడు. "అదెందుకండీ?"

"మాది ఉప్పు గాలి. పాడైపోతుందేమోనని."

"పాడైతే మారుద్దామండి. తీసేస్తే మాత్రం ఏముందో చూడదు, తోసుకుంటా పోద్ది. గేదె ఉన్నా, మనిషున్నా."

"కారున్నా?"

నా ముఖం వైపు కాసేపు చూశాడు. వీధిలో అప్పుడు పక్కింటాయన కారు లేదు గాని, టైర్ల గుర్తులు మా షట్టరు ముందు మట్టిలో ఉన్నాయి. వాటినీ చూశాడు.

"కారున్నా పోద్దండి," అన్నాడు మెల్లిగా. "ఆలోచించుకుని చెప్పండి సార్. కెమెరా కూడా పెట్టొచ్చు. ఎవరొచ్చి నిలబడ్డా ఫోనులో బొమ్మ పడిపోద్ది, రోజూ టైముతో సహా."

కెమెరా అనగానే నాకు ఇంకో దారి కనిపించింది. సొట్ట ఒక్కటే చాలదనిపించింది. మా బోధలో దీనికి ఒక క్రమం ఉంది. సహోదరుడు తప్పు చేస్తే ముందు ఒంటరిగా వెళ్ళి చెప్పాలి. వినకపోతే ఇద్దరు ముగ్గురు సాక్షుల్ని తీసుకెళ్ళాలి. అప్పుడూ వినకపోతే సంఘానికి చెప్పాలి. సంఘం మాటా వినకపోతే ఇక వాడు మనవాడు కాదు. ఆ ఆఖరి మెట్టు మీద ఆయన్ని నిలబెట్టాలని నాకు ఆశ పుట్టింది. పళ్ళెం చేతిలోంచి తీయించాలి. కెమెరా బొమ్మలు సంఘం గ్రూపులో పడాలి, తేదీలతో.

పాస్టరు అయ్యగారి దగ్గరికి వెళ్ళాను. డెబ్బై దాటిన మనిషి, చెవులు మందం, చూపు చురుకు. అంతా చెప్పి, "కెమెరా సాక్షి కింద చెల్లుతుందా అయ్యగారూ?" అని అడిగాను.

"దాన్ని సంఘంలో ఎప్పుడు చేర్చుకున్నాం? బాప్తిస్మం ఎవరిచ్చారు?"

నేను నవ్వలేదు. ఆయనా నవ్వలేదు.

"సరే, రెండో మెట్టు సంగతి తర్వాత. మొదటి మెట్టు ఎక్కావా? ఒంటరిగా వెళ్ళి చెప్పావా?"

"ఆయనకి తెలుసండీ. వీధిలో అందరికీ తెలుసు."

"అందరికీ తెలుసు సరే. ఆయనకి చెప్పిందెవరు?"

ఆలోచిస్తే ఎవరూ చెప్పలేదు. గుడివాడలో మా చుట్టాలకి చెప్పాను, ఆఫీసులో చెప్పాను, ఇస్త్రీ చేసేవాడికి కూడా చెప్పాను. నేను ఏటా పిల్లలకి నేర్పే పాఠం ఇది. మొదటి మెట్టు వేలు మడిచి చూపిస్తాను, ఒంటరిగా, అని. నేనే ఆ మెట్టు దాటేసి మూడో మెట్టు మీద కూర్చుని ఐదు నెలలుగా ఎదురుచూస్తున్నాను.

అయ్యగారి గదిలోంచి బయటికొస్తూ ఒక భయం పట్టుకుంది. క్రమం తప్పదు కాబట్టి వెళ్ళాలి. వెళ్ళి చెప్తే, ఆయన క్షమించమంటే? అప్పుడు రెండో మెట్టు లేదు, మూడోది లేదు, అంతా అక్కడితో అయిపోతుంది. కాబట్టి ఆ వారమంతా ఆయన గుండె రాయి కావాలని ప్రార్థించాను. బొంకాలి, విసుక్కోవాలి, నీ పెళ్ళాం రోగానికి నా కారేంటి అనాలి. ఇలాంటి ప్రార్థన నేను చేశానని అయ్యగారికి ఇప్పటికీ తెలియదు.

శనివారం సాయంత్రం వెలుగుండగానే వెళ్ళాను. కొత్త గోడకి పైపుతో నీళ్ళు పెడుతున్నాడు.

"రా తమ్ముడూ, రా! చెల్లెమ్మ ఎలా ఉంది?"

"మీతో ఒంటరిగా మాట్లాడాలండి."

ఆ మాటకి మా సంఘంలో ఒకటే అర్థం. పైపు వదిలేశాడు. అది ఇసుకలో పడి కారుతూనే ఉంది.

"నావల్ల ఏమైనా జరిగిందా?"

"ఆ శనివారం మీ కారెక్కడుంది?"

"ఏ శనివారం?"

"ఏ శనివారమా?"

అర్థమైంది. "ఎక్కడుంటుంది, మీ షట్టరు..." అని ఆగిపోయాడు.

"పదకొండు సార్లు ఫోను చేశాను మీకు."

"చూశాను."

చూళ్ళేదంటాడని, సైలెంటులో ఉందంటాడని సిద్ధపడి వెళ్ళాను. చూశానంటాడని అనుకోలేదు.

"చూసి?"

"చూసి కూటం ఆపించాను తమ్ముడూ. అన్నిసార్లు చేశాడంటే ప్రాణం మీదికి వచ్చుంటుందని, అందరినీ మోకాళ్ళు వేయించాను. మీ ఇద్దరి పేర్లూ చెప్పి ప్రార్థించాం. ఆ ఊళ్ళో ఒక ముసలమ్మ మీకోసం ఏడ్చింది కూడాను."

ఇది బయటివాళ్ళకి చెప్పాలి. మా సంఘంలో ఎవరికి కష్టమొచ్చినా ముందు ఫోను చేసేది ఆయనకే. కూటంలో ఉంటే ఎత్తడు. పేరు చూస్తాడు, ప్రార్థన చేస్తాడు, తర్వాత తీరిగ్గా అడుగుతాడు. మూడు రింగులిచ్చి పెట్టేసినా చాలు, అర్థం చేసుకుంటాడు. మా అమ్మాయి పరీక్షలప్పుడు నేనూ అలా రింగులిచ్చి పెట్టేసినవాణ్ణే. ఆ శనివారం నేను చేసిన పదకొండు పిలుపులు ఆయనకి పదకొండు ప్రార్థన మనవులుగా అందాయి.

"ఎత్తుంటే?" అన్నాను.

"ఎత్తినా నువ్వు చెప్పేది అదేగా. ప్రార్థన చెయ్యమనేగా."

"కారు తియ్యమని చెప్పేవాణ్ణి."

ఆయన చేతులు కిందికి జారాయి. ఇసుక మీద పైపు నీళ్ళు కాలవ కట్టి మా చెప్పుల దాకా వచ్చాయి.

"ఆ రోజు ఇంటి తాళం మేస్త్రీ దగ్గరే ఉంది," అన్నాడు చివరికి. "అతని ఇల్లు వెనక వీధే. కారు తాళం గూట్లో. ఒక్క మాట చెప్తే ఐదు నిమిషాల్లో తీసేసేవాడు."

"ఎంతసేపు ప్రార్థించారు?"

"చాలాసేపే."

"డాక్టరు చెప్పింది కూడా ఇంచుమించు అంతేనండి. ముప్పావు గంట."

ఆ మాట గురి చూసి వేశాను. తగిలింది. ఇసుక కుప్ప మీద కూలబడి, తడి చేతులతో ముఖం కప్పుకున్నాడు. నాకు హాయిగా ఉంది. ఐదు నెలల్లో మొదటిసారి ఛాతీ నిండా గాలి పీల్చుకున్నాను. మా బోధ ప్రకారం అప్పుడు నాకు జాలి కలగాలి. కలగలేదు.

"నాకెవరూ చెప్పలేదు తమ్ముడూ. మళ్ళీ అక్కడే పెట్టాను. ఇన్ని నెలలు అక్కడే పెట్టాను. క్షమించు. రేపు సంఘం ముందు నిలబడి నేనే చెప్తాను."

ఒక్క బొంకూ లేదు. దారులన్నీ మూసుకుపోయాయి.

"క్షమించానండి," అన్నాను. అనాలి కాబట్టి అన్నాను.

మర్నాడు ఆరాధనలో ఆయన పళ్ళెం ముట్టుకోలేదు. ముందుకొచ్చి, ఫోను ఎత్తకపోవడం నుంచి కారు దాకా, ఏదీ తగ్గించకుండా చెప్పాడు. నేను కలలుగన్న దృశ్యమది. అయితే సంఘమంతా ఏడ్చింది, ఆయన కోసం. ఆడవాళ్ళు ఆయన భార్యని పట్టుకుని ఓదార్చారు. బయట వేపచెట్టు కింద ఒక పెద్దమనిషి నా చెయ్యి పట్టుకుని, "ఎంత దీనత్వమండీ ఆయనది! అలాంటి పొరుగువాడు దొరకడం మీ అదృష్టం," అన్నాడు. నా భార్య గొంతు ఎలా ఉందని ఆ పూట ఒక్కరూ అడగలేదు. ఆవిడ పక్కనే నిలబడి ఉంది, ఎడమ చేత్తో కుడి చెయ్యి పట్టుకుని. ఆ రోజు నేను రొట్టె తీసుకున్నాను. ఇంకో ఇంటివాళ్ళు చేసింది. పొడిపొడిగా రాలింది.

సోమవారం పొద్దున్నే గుడివాడకి ఫోను చేశాను. "బయటికి తెరుచుకునేదే చెయ్యండి. సెన్సారు వద్దు," అన్నాను. ఆయన కారు వీధి చివరికి మార్చాడు గాని, సిమెంటు వచ్చిన రోజున మళ్ళీ మా షట్టరు ముందుకే వస్తుందని నా నమ్మకం. నేనెలాగూ క్షమించానని నలుగురికీ తెలుసు. నన్నెవరూ అనుమానించరు.

రేకు కోసే ముందు ఆఖరి కొలతలకి ఆ మనిషి మళ్ళీ వచ్చాడు. టేపు ఒక కొస నా చేతికిచ్చి, రెండో కొస వీధిలోకి లాగుతున్నాడు. నా భార్య మెల్లగా నడుచుకుంటూ షెడ్డు దగ్గరికి వచ్చి నిలబడింది.

"అమ్మగారూ, సార్ ఆఫీసులో ఉన్నప్పుడు మీరు దీన్ని ఎత్తగలరా?" అని షట్టరు చూపించాడు. మామూలుగానే అడిగాడు.

ఆవిడ వంగి ఎడమ చెయ్యి పెట్టి లాగింది. షట్టరు కదల్లేదు. మళ్ళీ లాగింది. కుడి చేతిని ఎత్తి దాని మీద ఆనించింది, అది జారి పక్కకి వేలాడింది. ఇంటికొచ్చి ఆరు నెలలు. నేను లేనప్పుడు ఆవిడ ఆ షెడ్డు తెరవలేదన్న ఆలోచన నాకు అంతవరకూ రాలేదు. తలుపు గురించి ఆలోచించినంతసేపూ నేను ఆయన కారు గురించే ఆలోచించాను.

ఆవిడ నిలబడి ఊపిరి తీసుకుంది. వీధిలోకి లాగిన టేపు చూసింది. అది ఎక్కడిదాకా వెళ్తుందో, అక్కడ రోజూ ఏం నిలబడేదో చూసింది. తర్వాత నన్ను చూసింది.

"అన్నయ్యగారి... కారుకా?"

గుడివాడ మనిషి టేపు చూసుకుంటున్నట్టు తల దించుకున్నాడు. ఆవిడకి అబద్ధం చెప్తే దొరికిపోతాను, మొదట్నుంచీ అంతే.

"నా పేరు... చెప్పి... గుద్దొద్దు," అంది.

నాలుగు మాటలకి అంతసేపు పట్టింది. చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. ఇన్ని నెలలూ నేను తీర్చుకుంటున్నది ఆవిడ తరఫు పగేనని అనుకున్నాను. ఆవిణ్ణి ఒక్కసారీ అడగలేదు. కోపం తగ్గిందని చెప్పను. ఆవిడ పేరు తీసేశాక కూడా మిగిలింది, అది నా సొంతం. కాని సొంత కోపానికి తలుపు చేయించుకునే ధైర్యం నాకు లేకపోయింది.

"పైకి చుట్టుకునేదే బిగించండి," అన్నాను. "సెన్సారుతో. ఆవిడ ఎడమ చేతికి అందేటట్టు లోపల ఒక బటను పెట్టండి. కరెంటు పోతే?"

"బ్యాటరీ పెడతానండి," అన్నాడు. ముఖం విప్పారింది. "తుఫానప్పుడు కూడా పనిచేస్తది. కెమెరా?"

"వద్దు."

వారం తర్వాత బిగించాడు. పాత షట్టరే, పైన మోటారు పెట్టె, గోడకి తెల్ల బటను. నా ఫోనులోనూ ఆవిడ ఫోనులోనూ యాప్ ఎక్కించాడు.

"ఇంకా రెండు ఫోన్లు కలపొచ్చండి. అమ్మగారు ఒక్కరే ఉన్నప్పుడు అర్జంటుగా ఎవరన్నా వచ్చి తియ్యాలంటే పక్కనే ఉండేవాళ్ళది ఒకటి పెట్టించుకుంటారు అందరూ. ఎవరిది పెట్టమంటారు?"

లెక్కేసుకున్నాను. మా చుట్టాలు గుడివాడలో, గంట దారి. అమ్మాయి హైదరాబాదులో. అయ్యగారికి ఫోను మోగితే వినపడదు. ఎదురింటివాళ్ళు పొద్దున పోతే సాయంత్రం గాని రారు. నా భార్య అరుగు మీద కూర్చుని, ఎడమ చేత్తో పక్కింటి గోడ చూపించింది. వీధి మొత్తంలో పగటిపూట ఇంట్లో ఉండే మనిషి, పిలిస్తే నిమిషంలో రాగలిగిన మనిషి, డ్రైవింగు వచ్చిన మనిషి ఆయన ఒక్కడే. ఎంతసేపు ఆలోచించినా ఇంకో పేరు దొరకలేదు. ఆయన్ని కొట్టడానికి అనుకున్న యంత్రాన్ని ఆయన చేతికే ఇవ్వాల్సి వచ్చింది. ఇది దేవుడు చేసిన ఏర్పాటని అయ్యగారు అంటారు. అయ్యుండొచ్చు. నాకు మాత్రం చెంపదెబ్బలాగే ఉంది.

"పిలవండి," అన్నాను.

ఫోను పట్టుకుని వచ్చాడాయన. సంఘంలో నిలబడ్డ రోజు నుంచి కారు వీధి చివర పెడుతున్నాడు, అక్కణ్ణుంచి సామాన్లు మోసుకుని నడుస్తున్నాడు. గుడివాడ మనిషి యాప్ ఎక్కించి ఎలా నొక్కాలో చూపించాడు.

"ఈసారి ఎవరు ఫోను చేసినా ముందు ఎత్తండి," అన్నాను.

"ఎత్తుతాను తమ్ముడూ."

"ప్రార్థన తర్వాత చెయ్యొచ్చు."

"తర్వాతే చేస్తాను."

ఆయన్ని వీధిలో నిలబెట్టి, నేను షెడ్డు లోపలికి వెళ్ళి షట్టరు దింపాను. చీకటి. మోటారు మూలిగింది. కింది నుంచి వెలుగు గీతలా మొదలై పైకి పాకింది. ముందు ఆయన చెప్పులు కనిపించాయి, సిమెంటు మరకల పంచె అంచు, ఫోను పట్టుకున్న చెయ్యి, తర్వాత ముఖం. ఆ ముఖం కనపడగానే నాలో అదే పగ మంటలా లేచింది, మొదటి రోజు లేచినట్టే.

"వచ్చిందా తమ్ముడూ?"

"దించండి. మళ్ళీ."

దించాడు. మళ్ళీ చెప్పులు, పంచె, చెయ్యి, ముఖం.

"మళ్ళీ."

"పనిచేస్తందండీ, చూశారుగా," అన్నాడు గుడివాడ మనిషి.

"మళ్ళీ."

ఎందుకని ఆయన అడగలేదు. ఎండలో నిలబడి, చెప్పినప్పుడల్లా నొక్కాడు. చెమట కళ్ళలోకి కారితే భుజంతో తుడుచుకున్నాడు. ఆరోసారి పైకి లేచేటప్పటికి నేను చెప్పుల దగ్గర్నుంచే కళ్ళు మూసుకుని, ముఖం వచ్చేసరికి తెరవాలని ప్రయత్నించాను. మంట ఉంది. మొదటిసారంత ఉందో లేదో తెలుసుకోవాలంటే ఇంకోసారి చూడాలి.

"ఆపండి సార్, మోటారు వేడెక్కుద్ది!" అన్నాడు గుడివాడ మనిషి.

"ఇంకొక్కసారి," అన్నాను.